చేతివాటాన్ని గేటు దగ్గర కాదు, ర్యాక్ దగ్గర ఆపాలి

(రిటైల్ స్టోర్ మేనేజర్లు, ఫ్లోర్ సూపర్‌వైజర్ల శిక్షణ కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, కుర్చీలు చాలానే ఖాళీగా ఉన్నాయి.

షాప్‌లిఫ్టింగ్ గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే అందరి కళ్ళ ముందూ ఒకటే సీన్ కదులుతుంది. గేటు దగ్గర అలారం మోగుతుంది, సెక్యూరిటీ గార్డు పరిగెడతాడు, ఒకడు దొరికిపోతాడు. ఆ సీన్ గురించి కూడా చెప్తాను, కానీ చివర్లో. ఎందుకంటే వ్యవహారం గేటు దాకా వచ్చిందంటే, లోపల ర్యాక్ దగ్గర చేయాల్సిన పని ఏదో మనం చేయలేదన్నమాట. ఇంకో సంగతి. పోయిన సరుకుతో వచ్చే నష్టం ఎంతో కొంత లెక్క తేలుతుంది. తప్పు మనిషిని పట్టుకుంటే వచ్చే నష్టం ఎంతో ఎవరూ చెప్పలేరు. నేను ఇవాళ చెప్పేదంతా ఈ రెండు ముక్కల చుట్టూనే తిరుగుతుంది.

ముందు లెక్క చూద్దాం. కంప్యూటర్‌లో ఉన్న స్టాక్‌కీ, చేత్తో లెక్కపెడితే తేలిన స్టాక్‌కీ మధ్య తేడాని మనం ష్రింకేజ్ అంటాం. తేడా కనపడగానే కస్టమర్ల మీదకి తోసేయడం మనకి అలవాటు. నిజానికి ఆ తేడాలో నాలుగైదు రకాలు కలిసి ఉంటాయి. బయటివాళ్ళ దొంగతనం ఒకటి. సొంత స్టాఫ్ చేతివాటం ఒకటి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. సరఫరాదారు తక్కువ దింపి ఎక్కువ రాయించుకోవడం, బిల్లింగ్‌లో పొరపాట్లు, పగిలినవి, పాడైనవి రాసుకోకపోవడం మిగతావి. 24 ఉండాల్సిన పెట్టెలో 22 వస్తే, చూడకుండా 24 అని సంతకం పెట్టేస్తే, మీరు హాల్లో ఎన్ని కెమెరాలు పెట్టినా ఆ రెండూ దొరకవు. అందుకని ముందు మీ తేడా ఎక్కడ పుడుతోందో చూసుకోండి. ఎక్కువగా పోయే సరుకుని మూడు నెలలకోసారి కాదు, వారం వారం లెక్కపెట్టండి. ఎప్పుడు పోయిందో తెలిస్తే ఎలా పోయిందో సగం తెలిసినట్టే.

ఇంకో చిన్న లెక్క. 100కి అమ్మే వస్తువు మీకు అన్ని ఖర్చులతో 95కి పడిందనుకోండి. లాభం 5. ఆ వస్తువు ఒకటి పోతే, పోయిన 95 వెనక్కి రావాలంటే అలాంటివి ఇంకో 19 అమ్మాలి. "పోనీలే, ఒక్కటేగా" అనే సేల్స్ స్టాఫ్‌కి ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూపించండి. తిట్టాల్సిన పని ఉండదు.

సరే, శిక్ష కఠినంగా ఉంటే దొంగతనాలు తగ్గుతాయి కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. అడగకముందే చెప్తాను. 1699లో ఇంగ్లండ్‌లో ఒక చట్టం తెచ్చారు. దుకాణంలోంచి ఐదు షిల్లింగులు, అంతకు మించి విలువున్న సరుకు గుట్టుగా కాజేస్తే ఉరి. ఏమైంది? జ్యూరీలు సరుకు విలువ ఐదు షిల్లింగుల కంటే తక్కువేనని కావాలని తేల్చేవి. ఒక ముక్క గుడ్డ కోసం మనిషిని ఉరికంబం ఎక్కించలేక చాలామంది దుకాణదారులు కేసు పెట్టడమే మానుకున్నారు. శామ్యూల్ రోమిల్లీ అనే పార్లమెంటు సభ్యుడు ఆ చట్టం తీయించాలని ఏళ్ళ తరబడి వాదించి, పని పూర్తికాకుండానే 1818లో పోయాడు. 1820ల్లో గానీ ఆ ఉరిశిక్ష పోలేదు. చేయి చాపేవాడు శిక్ష ఎంతని ఆలోచించడు. ఎవరైనా చూస్తున్నారా లేదా అనే చూస్తాడు. మన పనికి ఇంతకంటే పనికొచ్చే ముక్క ఇంకోటి లేదు.

అసలు ఈ తలనొప్పి మనం కోరి తెచ్చుకున్నదే. ఒకప్పుడు కస్టమర్ చీటీ ఇస్తే కౌంటర్ వెనక గుమాస్తా సరుకు తీసి ఇచ్చేవాడు. 1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అనే స్టోర్ తెరిచి, కస్టమర్నే తిరిగి తీసుకోమన్నాడు. అమ్మకాలు పెరిగాయి, జీతాల ఖర్చు తగ్గింది. సరుకు మీద చేయి వేసే హక్కు అందరికీ ఇచ్చాక, ఆ చేయి ఎటు పోతుందో చూసుకోవడం మన వంతయింది. సాండర్స్‌కి ఇది ముందే తెలుసు. లోపలికి రావడానికి తిరిగే గేటు పెట్టాడు. వచ్చినవాళ్ళు వరసలన్నీ దాటుకుని డబ్బు కట్టే చోటు మీదుగానే బయటికి వెళ్ళేలా దారి కట్టాడు. స్టోర్ ప్లాన్ గీసేటప్పుడే సగం కాపలా అయిపోవాలని ఆయన నూరేళ్ళ కిందటే చూపించాడు.

ఇప్పుడు మనుషుల గురించి. దొంగతనం చేసేవాళ్ళంతా ఒకటే బాపతు కాదు. అమ్ముకోవడానికి తీసేవాళ్ళు వేరు. వాళ్ళు జట్టుగా వస్తారు, ఏది కావాలో ముందే అనుకుని వస్తారు. ఒకరు సేల్స్ స్టాఫ్‌ని ప్రశ్నలతో పట్టి ఉంచుతారు, ఇంకొకరు పని కానిస్తారు. సంచి లోపల అల్యూమినియం రేకు అతికించి తెస్తారు, సరుకుకి మనం తగిలించే ట్యాగ్ (బిల్లు కాకుండా దాటితే గేటు దగ్గర అలారం మోగించేది) సిగ్నల్ గేటుకి అందకుండా. రెండో రకం మామూలు మనుషులు. జేబులో డబ్బు ఉంటుంది, బుట్టలో ఉన్నవాటికి బిల్లు కూడా కడతారు, ఒక్క వస్తువు మాత్రం చేతిసంచిలోకి జారుతుంది. "ఇంత పెద్ద కంపెనీకి ఇదో లెక్కా" అని తమకి తామే సర్ది చెప్పుకుంటారు. మీకు రోజూ తగిలేది ఎక్కువగా వీళ్ళే. పిల్లలు స్నేహితుల ముందు గొప్పకి చేస్తారు. క్లెప్టోమేనియా అనే జబ్బున్నవాళ్ళూ ఉంటారు గానీ చాలా తక్కువ. వాళ్ళకి ఆ వస్తువుతో అవసరం ఉండదు. తీసేముందు టెన్షన్ పెరుగుతూ పోతుంది, తీశాక తేలికపడుతుంది, ఆ తర్వాత సిగ్గుతో కుంగిపోతారు. వయసు మళ్ళినవాళ్ళ సంగతి ఇంకోటి. డిమెన్షియాలో, ముఖ్యంగా మెదడు ముందు భాగం దెబ్బతినే రకంలో, డబ్బు కట్టాలన్న ధ్యాసే పోవచ్చు. నిండా గౌరవంగా బతికిన మనిషి చేతిలో వస్తువు పట్టుకుని నేరుగా బయటికి నడుస్తారు. ఆ మనిషిని "దొంగ" అని పది మందిలో అన్నారంటే, ఇంటివాళ్ళు వచ్చి సంగతి చెప్పాక మీకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఏ సరుకు పోతుందో కూడా ముందే చెప్పొచ్చు. రొనాల్డ్ క్లార్క్ అనే నేరశాస్త్రవేత్త 1999లో దీనికి ఆరు గుణాలు చెప్పాడు. దాచుకోవడానికి వీలుండాలి, ఎత్తుకుపోవడం తేలిక కావాలి, చేతికి అందుబాటులో ఉండాలి, విలువుండాలి, వాడుకోవడానికి సరదాగా ఉండాలి, అమ్మేయడానికి తేలిగ్గా ఉండాలి. రేజర్ బ్లేడ్లు, సెంటు సీసాలు, మేకప్ సామాను, బ్యాటరీలు, ఇయర్‌ఫోన్లు ఇందులో ఎందుకు పడతాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఈ ఆరిటిలో ఒక్కటి మార్చగలిగినా పోయేది తగ్గుతుంది. అరచేతిలో ఇమిడే వస్తువుని పెద్ద అట్టకి అతికించి అమ్మేది ఊరికే కాదు.

మరి ర్యాక్ దగ్గర ఏం చేయాలి? బట్టల సెక్షన్‌తో మొదలుపెడతాను. కమ్మీ మీద హ్యాంగర్ల కొక్కేలన్నీ ఒకే వైపు తిరిగి ఉంటే ఒక్క పట్టులో ఒక గుత్తి ఎత్తేయొచ్చు. ఒకటి ఇటు, ఒకటి అటు తిప్పి తగిలించండి. గుత్తిగా లాగితే కొక్కేలు పట్టేసుకుంటాయి, చప్పుడవుతుంది, నలుగురు తల తిప్పుతారు. దీనికి పైసా ఖర్చు లేదు. ట్రయల్ రూమ్ దగ్గర టోకెన్ ఇస్తాం కదా, అక్కడ హ్యాంగర్లని లెక్కపెట్టే అలవాటు చాలా చోట్ల ఉంది. మూడు హ్యాంగర్లు లోపలికి వెళ్తాయి, మూడు హ్యాంగర్లు బయటికి వస్తాయి, లెక్క సరిపోతుంది. లోపలికి వెళ్ళేటప్పుడు ఒక హ్యాంగర్‌కి రెండు చొక్కాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయని ఎవరూ చూడరు. కాబట్టి లెక్కపెట్టాల్సింది బట్టల్ని. ఒక్కొక్కటీ చేత్తో పట్టి, మడత విప్పి, "మూడు తీసుకున్నారు మేడమ్" అని నవ్వుతూ పైకి చెప్పండి. ఒక్కొక్కరు వెళ్ళాక ఆ గదిలోకి తొంగి చూడండి. మూల ఖాళీ హ్యాంగర్, బెంచీ కింద తెగ్గొట్టిన ట్యాగ్ కనపడితే, అది ఎవరి తర్వాత కనపడిందో అప్పుడే మీకు తెలుస్తుంది. సాయంత్రం ఊడ్చేటప్పుడు దొరికితే దేనికీ పనికిరాదు. అన్నట్టు, ట్రయల్ రూమ్‌లో కెమెరా అనే ఆలోచన కలలో కూడా రానివ్వకండి. అది దొంగతనం కంటే పెద్ద నేరం.

మిగతా ర్యాక్‌ల్లో ముందు వరస ఎప్పుడూ నిండుగా, అంచు దాకా లాగి ఉంచండి. నిండుగా ఉన్న వరసలో ఖాళీ పడితే దూరం నుంచే కనపడుతుంది. సగం ఖాళీగా, చిందరవందరగా ఉన్న ర్యాక్‌లో పది పోయినా తెలియదు. ర్యాక్‌ల ఎత్తు తగ్గించగలిగితే తగ్గించండి, అవతల మనిషి తల కనపడాలి. ఖరీదైనవి తలుపు పక్కన పెట్టకండి. చిన్న ఖరీదైన వస్తువుల డబ్బాలు బయట పెట్టాల్సి వస్తే ఖాళీవి పెట్టండి, అసలు సరుకు కౌంటర్ దగ్గర ఇవ్వండి. గాజు బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం ఆఖరి మార్గం. తాళంచెవి ఉన్న మనిషి కోసం వెతుక్కునే ఓపిక కస్టమర్‌కి ఉండదు. దొంగతనంతో పాటు అమ్మకం కూడా ఆగిపోతుంది.

ట్యాగుల గురించి రెండు మాటలు. 1960ల మధ్యలో అమెరికాలో ఆర్థర్ మినాసీ, రొనాల్డ్ అసాఫ్ లాంటివాళ్ళు వీటిని మార్కెట్లోకి తెచ్చారు. ఇప్పుడు మీ గేట్లలో ఉన్నవి ఎక్కువగా రెండు రకాలు. 58 కిలోహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి, 8.2 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసేవి. ఒక రకం ట్యాగ్ ఇంకో రకం గేటుకి కనపడదు. వేరే బ్రాంచి నుంచి సరుకు తెప్పించుకున్నప్పుడు ఇది చూసుకోండి. ట్యాగ్ వేసిన సరుకు గేటు దాటినా అలారం మూగగా ఉండటానికి ఇదో పెద్ద కారణం.

ఇక అలారం. మోగితే ఏమనాలి? ఇక్కడ చాలామంది గార్డులు గొంతు పెంచుతారు. నిజానికి మోగిన అలారాల్లో మన క్యాషియర్ ట్యాగ్ తీయడం మర్చిపోయినవి బోలెడు. అందుకని మొదటి మాట ఇలా ఉండాలి: "సారీ సార్, కౌంటర్‌లో మావాళ్ళు ట్యాగ్ తీయడం మర్చిపోయినట్టున్నారు, ఒక్క నిమిషం చూసి ఇస్తాను." ఈ వాక్యం నిజాయితీపరుడిని నొప్పించదు. తీసినవాడికి కూడా "అరె, ఇది బిల్లు కాలేదా" అనే దారి మిగులుతుంది. ఇంకో తప్పు దీనికి సరిగ్గా ఎదురు. రోజుకి పదిసార్లు ఊరికే మోగితే గార్డు తల కూడా ఎత్తడు, చేత్తోనే పొమ్మంటాడు. మోగిన ప్రతిసారీ కారణం రాసి పెట్టండి. ఏ కౌంటర్ నుంచి ఎక్కువ వస్తున్నాయో వారంలో తెలిసిపోతుంది.

కెమెరాల మీద నాకు పెద్ద భ్రమ లేదు. ఎవరూ చూడని కెమెరా వ్యవహారం దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే ఉంటుంది. పోయాక చూసుకోవడానికి పనికొస్తుంది గానీ పోకుండా ఆపదు. లోపలికి రాగానే మనిషికి తన బొమ్మ తనకి కనపడేలా తలుపు దగ్గర ఒక తెర పెట్టండి. లోపల మూలమూలలా పెట్టిన నాలుగు కెమెరాల కంటే ఆ ఒక్క తెర ఎక్కువ పనిచేస్తుంది.

వీటన్నిటి కంటే గట్టి కాపలా పలకరింపు. "ఏం కావాలి?" అని అడగకండి. "ఊరికే చూస్తున్నా" అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. వాళ్ళ చేతిలో ఉన్నదాని గురించి మాట్లాడండి. "ఆ షేడ్‌లో ఇంకా లైట్‌ది కూడా ఉంది మేడమ్, చూపించనా?" అనండి. "చేతులు నిండిపోయాయి, బుట్ట తెచ్చివ్వనా?" అనండి. ఒక వస్తువు సంచిలోకి పోవడం చూశారనుకోండి. పక్కనే నిలబడి, "ఇందాక తీసుకున్నారే లిప్‌స్టిక్, దానికి మ్యాచింగ్ లైనర్ ఇక్కడుంది" అని మామూలుగా చెప్పండి. మీరు చూశారని ఆమెకి అర్థమవుతుంది. పదిలో చాలాసార్లు ఆ లిప్‌స్టిక్ ఏదో ఒక ర్యాక్ మీదకి తిరిగొస్తుంది. సరుకు దక్కింది, గొడవ లేదు, పోలీసు లేడు. ఈ మాట మంచి కస్టమర్‌తో అన్నా ఏ నష్టమూ లేదు, పైగా లైనర్ అమ్ముడుపోవచ్చు.

అవునండీ, ఆ మూడో వరసలో మేడమ్ అడుగుతున్నారు. స్టాఫ్ తక్కువ, అందర్నీ ఎలా పలకరిస్తాం అని. న్యాయమైన ప్రశ్నే. అందర్నీ కాదు. ఎక్కువ పోయే రెండు వరసల దగ్గర ఎవరో ఒకరు పనిలో ఉండేలా చూడండి. ర్యాక్ సర్దడం, ధర చీటీలు మార్చడం లాంటి పనులు ఆ వరసల్లో రద్దీ సమయంలో పెట్టుకోండి. గోడౌన్‌లో కూర్చుని చేసే పని కొంత అక్కడికి మార్చండి. మనిషి అక్కడ ఉంటే చాలు, కాపలాగా ఉన్నట్టు నటించక్కర్లేదు.

ఎవరిని గమనించాలి అనేది సున్నితమైన విషయం. వేసుకున్న బట్టల్ని బట్టి, రంగుని బట్టి, యాసని బట్టి వెంటపడితే అది అవమానం. ఎవరి మీద నుంచి మీ చూపు మళ్ళిందో వాళ్ళు హాయిగా సంచి నింపుకుంటారు. మనిషిని కాదు, చేసే పనిని చూడండి. సరుకు కంటే ఎక్కువగా స్టాఫ్ వైపు, పైన కెమెరా వైపు చూడటం, ఒకే వరసలోకి మళ్ళీ మళ్ళీ రావడం, సైజు కూడా చూడకుండా ఒకే వస్తువు నాలుగైదు తీసుకోవడం, ఎండలో మందపాటి కోటు. వీటిలో ఏదీ ఒంటరిగా నేరం కాదు, అది కూడా గుర్తుపెట్టుకోండి. అలాంటప్పుడు దగ్గరికెళ్ళి పలకరిస్తాం, అంతే.

ఇక గేటు దగ్గరికి వద్దాం. అనుమానం మీద ఎవరినీ ఆపకూడదు. ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు ఆరు మెట్లు చెప్తారు. మనిషి సరుకు దగ్గరికి రావడం మీరు చూడాలి. తీయడం చూడాలి. దాచడం చూడాలి. అక్కణ్ణుంచి చూపు తిప్పకుండా ఉండాలి. డబ్బు కట్టకపోవడం చూడాలి. బయటికి అడుగు పెట్టడం చూడాలి. నాలుగోదే అందరూ వదిలేసేది. ఒక్క నిమిషం మీ కంటికి మరుగైతే, ఆ నిమిషంలో వస్తువుని ఎక్కడో పెట్టేసి ఉండొచ్చు. మీరు గేటు దగ్గర ఆపి సంచి తెరిపిస్తే ఏమీ దొరకదు. ఇప్పుడు నేరం చేసింది మీరు. అందుకే నా మాట ఒకటే, గొలుసులో ఒక్క లింకు తెగినా వదిలేయండి. చూసింది రాసుకోండి. ఈసారి వచ్చినప్పుడు మొదటి పలకరింపు మనదే.

ఆరు మెట్లూ పూర్తయితే, ఇద్దరు వెళ్ళండి. ఆపింది ఆడమనిషిని అయితే ఇద్దరిలో ఒకరు ఆడమనిషి తప్పకుండా ఉండాలి. "నేను ఈ స్టోర్‌లో పనిచేస్తాను, బిల్లు కాని వస్తువు ఒకటి మీ దగ్గర ఉండిపోయింది, ఒకసారి లోపలికి వస్తారా?" అనండి. దొంగ అనే మాట నోట్లోంచి రాకూడదు. చేయి పట్టుకోకూడదు, దారికి అడ్డంగా నిలబడి గుండెతో నెట్టకూడదు. పరిగెత్తితే పరిగెత్తనివ్వండి. రోడ్డు మీదకి, పార్కింగ్‌లోకి వెంటపడకండి. కత్తి ఉందో, వెనక బండి వస్తుందో మీకు తెలియదు. ఒక సెంటు సీసా కోసం మీ స్టాఫ్ కాలు విరగడం ఏ లెక్కలోనూ లాభం కాదు. ఈ మాట ముందే స్టాఫ్‌కి నోటితో కాకుండా రాతలో ఇవ్వండి. లేకపోతే "పట్టుకోకపోతే మేనేజర్ తిడతాడు" అని కుర్రాడు ప్రాణం మీదకి తెచ్చుకుంటాడు.

లోపల గదిలో తలుపు దగ్గరగా వేయండి, గడియ పెట్టకండి. ఒంటరిగా ఎవరూ ఉండకూడదు. ఒళ్ళు తడిమి వెతకడం మన పని కాదు, చూపించమని అడగండి, కాదంటే పోలీసుల కోసం ఆగండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో దుకాణదారుడికి మనిషిని కాసేపు ఆపే హక్కు ఉంది. కానీ తగిన కారణం ఉండాలి, తగినంత సేపే ఆపాలి, తగిన పద్ధతిలోనే ఆపాలి. చట్టం చోటుని బట్టి మారుతుంది కాబట్టి, మీకు వర్తించేదేదో లాయర్ చేత ఒక పేజీలో రాయించి గోడకి అంటించండి. "పదింతలు కట్టు, వదిలేస్తాం" అనేవాళ్ళున్నారు. అది జరిమానా కాదు, బెదిరించి డబ్బు లాగడం. తప్పు ఒప్పుకున్నట్టు బలవంతంగా రాయించుకున్న కాగితం కూడా మీ మెడకే చుట్టుకుంటుంది. పిల్లలైతే మొదట ఇంటివాళ్ళకి ఫోన్. ఫుటేజీని ఫోన్లో తీసి గ్రూపుల్లో పెట్టడం అసలే వద్దు. అందులో ఉన్నది మైనర్ అయినా, అసలు తప్పే చేయని మనిషి అయినా దాన్ని వెనక్కి తీసుకోలేరు.

అందరికీ పోలీసు కేసే పెట్టాలా అంటే, ఒక రూలు పెట్టుకుని అందరికీ అదే పాటించండి. అధికారి కూతురైతే ఒకలా, కూలీ కొడుకైతే ఒకలా చేస్తే స్టాఫే మిమ్మల్ని నమ్మరు.

ఆఖరికి రిజిస్టర్. ఎన్ని గంటలకి, ఏ వరసలో, ఏ వస్తువు, ఎవరు చూశారు, ఏం చూశారు. "అనుమానాస్పదంగా ఉన్నాడు" అని రాయకండి, "ఎడమ చేత్తో తీసి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు" అని రాయండి. పట్టుబడిన కేసులు మాత్రమే కాదు, దొరికిన ఖాళీ డబ్బాలు, తెగిన ట్యాగులు కూడా ఎక్కించండి. సోమవారం పొద్దున మీటింగ్‌లో దాన్ని పైకి చదివి, ఏ ర్యాక్ జరపాలో అక్కడే తేల్చేయండి. అలా రాయడానికి ఒక నమూనా ఫారం ప్రింట్ తీయించి బయట బల్ల మీద పెట్టాను. తలా ఒకటి తీసుకెళ్ళండి, దానికి ట్యాగ్ వేయలేదు. (నవ్వులు) ఇక మీ ప్రశ్నలు.